ముందు పిలవని స్విచ్

సూరత్ డిండోలిలో మా గల్లీకి ఇటువైపు ఇళ్లలో ఇంటర్నెట్ మా బాపుది, అటువైపు ఇళ్లలో మా మామది. బాపు పేరు ముత్యం. మామ పేరు పరుశురాం, మా అమ్మకు సొంత అన్న. గల్లీ ఎంత వెడల్పంటే, ఎదురెదురుగా రెండు టెంపోలు వస్తే ఏదో ఒకటి వెనక్కి పోవాలి. ఏది పోవాలన్న దగ్గరే ఇక్కడ సగం గొడవలు మొదలవుతాయి. మిగతా సగం మా ఇంట్లోవి.

వీళ్లిద్దరూ జగిత్యాల పక్క పల్లెల నుంచి మీసాలు మొలవకముందే సూరత్ వచ్చి, ఉధ్నాలో ఒకే ఖాతాలో పక్కపక్క సాంచాలు నడిపినవాళ్లు. సాంచా అంటే మరమగ్గం, ఖాతా అంటే వాటి షెడ్డు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కేబుల్ టీవీ పెట్టారు, దాని వెనకే ఇంటర్నెట్ పెట్టారు. రెండు ఇళ్ల డాబాల మధ్య ఒక తీగ లాగి, ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు బతికారు.

అదంతా మామ కూతురి పెళ్లితో చెడింది. మావాళ్లలో పెళ్లికి పిలవాలంటే ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. తోడబుట్టినదాని ఇంటికైతే అందరికన్నా ముందు రావాలి. మా ఇంటికి మాత్రం ముందుగా వాట్సాప్‌లో కార్డు వచ్చింది. దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

“ఎదురింట్ల ఉండి నన్ను ఫోన్ల పిలుస్తడా,” అన్నాడు బాపు.

“కార్డు అందరికి పోయింది, గండ్లనే బావకు గూడ పోయింది. పొద్దుగూకినంక పోయి బొట్టు వెడ్దమనుకున్న. గంతల్నే అలిగిండు. అలిగినోడు ఒక్క ఫోన్ గొట్టి అడగచ్చుగద,” అన్నాడట మామ.

“పిలిచేటోడు ముందుగాల రావాలె గని, పిలిపిచ్చుకునేటోడు పోయి అడుక్కుంటడా,” అన్నాడు బాపు.

ఆయన వస్తాడని ఈయన, ఈయన అడుగుతాడని ఆయన కూర్చున్నారు. వీళ్లు కూర్చున్నారని ముహూర్తం ఆగదు కదా. పెళ్లయిపోయింది, వ్యాపారం రెండు ముక్కలైంది, మాటలు పోయాయి. డాబాల మధ్య తీగను రెండు కొసలా ఊడదీశారు గానీ విప్పలేదు. విప్పాలన్నా ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టాలి. పావురాలు దాని మీద కూర్చుని తమ సంసారం ముచ్చట్లు చెప్పుకునేవి.

మగవాళ్లు మాటలు మానేస్తే ఆడవాళ్లూ మానేస్తారని మగవాళ్లకు ఒక నమ్మకం. మా అమ్మ పద్మారాణి, మామ భార్య వినోద అత్త రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. బాపు వంటింట్లోకి వస్తే అమ్మ “ఉంటా వదినా” అనకుండా “అచ్ఛా భాభీ” అని పెట్టేసేది. అవతల ఉన్నది పక్కింటి గుజరాతీ ఆవిడ అనుకునేవాడు ఆయన. మా అమ్మకు గుజరాతీ ఆవిడతో సకినాల పిండి గురించి అంతసేపు ఏం మాటలుంటాయని ఒక్కనాడూ అనుమానం రాలేదు.

నా పేరు నీరజ. ఇంజనీరింగ్ చదివి ఒక కంపెనీలో నెట్‌వర్క్ పని చేస్తున్నాను, కరోనా పుణ్యమా అని ఇంటి నుంచే. ఇంటింటికీ ఇంటర్నెట్ పంచే డబ్బాను స్విచ్ అంటారు. బాపు స్విచ్ కూడా నా నెత్తి మీదే ఉంది. అటువైపు స్విచ్ మామ కొడుకు వరప్రసాద్ చూస్తాడు. వరసకు నాకు బావ. వరస తప్ప ఇంకేం లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు అనవసరంగా ఆశలు పెట్టుకోవద్దు.

రెండో అల వచ్చిన ఏప్రిల్‌లో మా అమ్మమ్మ లింగవ్వకు కరోనా అంటుకుంది. ఆమె మామ ఇంట్లో ఉంటుంది. జ్వరం తగ్గింది, ఊపిరి బాగానే ఆడుతోంది, వేరే గదిలో ఉంచి కడుపు నిండా తిండి పెడితే లేచి తిరుగుతుంది అన్నాడు డాక్టర్. మందులు మింగింది. తిండి మాత్రం ముట్టలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే బయటికి వచ్చేది.

ఎందుకో చెప్పాలంటే ఆమె చెవుల గురించి చెప్పాలి. అమ్మమ్మ ఏళ్ల తరబడి ఖాతాలో కండెలు చుట్టింది. ఆ టకటకల మధ్య బతికినవాళ్లకు చెవులు పోతాయి, చెవుల పని కళ్లు నేర్చుకుంటాయి. అమ్మమ్మ ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేస్తుంది. గల్లీ చివర ఎవరు ఎవరిని ఏమని తిడుతున్నారో డాబా మీద కూర్చుని మాకు వరసగా చెప్పేది. అలాంటి మనిషి ముందుకు ఇంటిల్లిపాదీ మూతులకు మాస్కులు కట్టుకుని వచ్చారు. వినోద అత్త అయితే ఒకదాని మీద ఒకటి రెండు. తలుపు తియ్యడం, కంచం లోపలికి నెట్టడం, ఏదో గొణగడం, తలుపు వేసెయ్యడం. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడను చూస్తుంది. చదువు రాదు కాబట్టి కాగితం మీద రాసి చూపించడానికీ లేదు.

సైగలతో చెబుదామని మామ ప్రయత్నించాడు. ఏం కాలేదు, భయపడకు అన్నట్టు అరచేయి అడ్డంగా ఊపాడు. ఖాతాలో ఆ సైగకు అర్థం సాంచా ఆగిపోయిందని. ఖాతా వదిలి చాలా కాలమై ఆయన మరిచిపోయాడు, ఆమె మరవలేదు. ఏదో ఆగిపోయింది, వీళ్లంతా తన దగ్గర దాస్తున్నారు అన్న అనుమానం ఆమెకు పట్టుకుంది. అది ఏమిటో ఆమె బయటికి చెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

“ఫోన్ల నీ మొకం జూస్తె తింటదేమొ పద్మా,” అంది వినోద అత్త. “నీ మాటైతె ఇంటది.”

ముఖం కనబడాలి, పెదవులు కదలాలి. అది జరగాలంటే ఇంటర్నెట్ ఉండాలి. మామ ఇంట్లో అదే లేదు. మోరీ తవ్వుతున్న మిషను ఆయన పెద్ద లైను తెంపేసింది. బాగుచేసేవాళ్లలో సగం మంది జ్వరంతో పడుకున్నారు, మిగతా సగం ఫోన్ ఎత్తడం లేదు. ఊరంతా ఇళ్లలో కూర్చుని మొబైల్ డేటా మీద పడింది కాబట్టి వీడియో కాల్‌లో మాట వచ్చేది, బొమ్మ ఆగిపోయేది. మనకైతే అది చాలు, ఆగిపోయిన పెదవులతో అమ్మమ్మ ఏం చేసుకుంటుంది? నడిచి పోదామంటే కార్పొరేషన్ వాళ్లు మామ ఇంటి ముందు బొంగులు కట్టి, ఎవరూ రావొద్దని తలుపుకు కాగితం అంటించారు. కన్నతల్లి ఎదురింట్లో పస్తుంటే మా అమ్మ ఇటు కూర్చుని గోడలు చూస్తోంది.

అమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. వండింది, మాకు వడ్డించింది, తను మాత్రం కంచం పెట్టుకోలేదు.

“నువ్వు తినవా?” అన్నాడు బాపు.

“మా అవ్వ తిన్నంక తింట.”

మర్నాడు కూడా అంతే. ఆ మధ్యాహ్నం బాపు నా గదిలోకి వచ్చి, నన్ను చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తూ అడిగాడు.

“ఆ పాత తీగ పనిచేస్తదా ఇంక?”

“చేస్తది. మన లైను నుంచి వాళ్లకు దారి ఇయ్యచ్చు.”

“వాళ్ల లైను బాగైనంక?”

“దానంతటదే వాళ్ల లైనుకు మళ్లుతది. గట్ల పెడ్త.”

“ఎట్ల పెడ్తవ్?”

ఇక్కడ నేను నోరు మూసుకుని పని చేసుకోవాల్సింది. చదువుకున్నదాన్ని కదా, వివరించాను.

“మన స్విచ్చుల వాళ్ల స్విచ్ నంబర్ రాసి, ఇది నా నైబర్ అని చెప్పాలె. వాళ్లు వాళ్ల దాంట్ల మన నంబర్ రాయాలె. రెండు దిక్కుల రాస్తెనే లెక్క. అటెన్క ఒక డబ్బా ఇంకో డబ్బాను పిలుస్తది, నేను ఫలానా, నన్ను గుర్తువట్టినవా అని. అది గుర్తువడ్తె, ఏ అడ్రసుకు ఎటు పోవాలె అనేది రెండు ఒకదానికొకటి చెప్పుకుంటయి.”

బాపు క్యాలెండర్ వదిలేసి నా వైపు తిరిగాడు. “ముందుగాల ఎవలు పిలుస్తరు?”

“ఎవలైతె ఏంది బాపు.”

“గట్లెట్లంటవ్? మన డబ్బా ముందుగాల పిలువద్దు. గట్ల పెట్టనీకి వస్తదా?”

వస్తుంది, అదే నా ఖర్మ. పాసివ్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే మన స్విచ్ తనంతట తాను ఎవరినీ పిలవదు. అవతలివాళ్లు పిలిస్తే మాత్రం మర్యాదగా పలుకుతుంది. దాన్ని కనిపెట్టినవాడు ఏదో జన్మలో మా ఇంటి అల్లుడై ఉంటాడు.

“వస్తది,” అన్నాను.

“అయితె పెట్టు. వాళ్లు పిలిస్తె మనం పలుకుదం. మనం మర్యాద తప్పెటోళ్లం గాదు.”

వరప్రసాద్‌కు ఫోన్ చేశాను. వాడు పుట్టింది పెరిగింది డిండోలిలోనే. వాడి తెలుగులోకి హిందీ అడగకుండానే వచ్చి కూర్చుంటుంది.

“బావా, మామ ఒప్పుకున్నడా?”

“హా, ఒప్పుకున్నడు. నానమ్మ కోసం అన్నడు. అప్పుడే తయార్.”

“వేరే ఏమన్న అన్నడా?”

“నహీ నహీ, ఏమంటడు? మీ బాపు ఏమన్న అన్నడా?”

“ఏమంటడు? ఏమనలె.”

ఇద్దరం అంత గట్టిగా చెప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు పొద్దున నేను ఇటు డాబా, వాడు అటు డాబా ఎక్కి, పావురాలను అదిలించి, తీగ కొసలు మళ్లీ తగిలించాం. స్విచ్ మీద పచ్చ దీపం వెలిగింది. అమ్మ మెట్ల దగ్గరే నిలబడి దీపాన్ని చూసింది, వెంటనే పోయి అమ్మమ్మ కోసమని జుట్టు దువ్వుకుని వచ్చింది. దీపం వెలగగానే అంతా అయిపోతుందని ఎవరు చెప్పారో ఆమెకు.

మా స్విచ్‌లో నైబర్‌గా వాళ్ల నంబర్ రాశాను. వాడు మా నంబర్ రాశాడు. ఇక నైబర్ ఎలా ఉన్నాడో చూపించే కమాండ్ కొట్టాను. ‘యాక్టివ్’ అని వచ్చింది.

“అయిపోయిందా?” అన్నాడు బాపు, వెనక కుర్చీ వేసుకుని కూర్చుని.

“కాలె.”

“యాక్టివ్ అని ఉన్నది గద.”

యాక్టివ్ అంటే పని జరుగుతోందని కాదు, ఇంకా జరగలేదని. ఈ రంగంలో పేర్లు పెట్టేవాళ్ల తెలివి అలా ఉంటుంది. బాపుకు అది చెప్పబోయి, నిన్న వివరించినందుకు ఏమైందో గుర్తొచ్చి ఊరుకున్నాను.

గంట గడిచినా యాక్టివ్. తీగ బాగానే ఉంది, ఇటు నుంచి తట్టి చూస్తే అటు నుంచి జవాబు వస్తోంది. అడ్రసులు సరిపోయాయి. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం పడిందేమోనని ఇద్దరం చెరిపి మళ్లీ రాశాం. స్విచ్ ఆపి మళ్లీ వేశాం. గదుల్లో ఫోన్ సరిగా పలకక ఇద్దరం లాప్‌టాప్‌లు పట్టుకుని డాబాలు ఎక్కాం. ఎండ మాడుస్తోంది. నేను తల మీద దుపట్టా కప్పుకున్నాను, వాడు వాళ్లమ్మ ఎండబెట్టిన దుప్పటి కిందికి దూరి కూర్చున్నాడు.

ఖాతాలు బంద్ కాబట్టి గల్లీలో జనానికి పని లేదు. రెండువైపులా గ్యాలరీల్లోకి వచ్చి చూడటం మొదలుపెట్టారు. టీవీలో చావులు చూసి చూసి విసిగిపోయిన జనం, మా పాట్లు వాళ్లకు బాగానే కాలక్షేపం అయ్యాయి. “బంద్ కర్‌కే చాలూ కరో,” అన్నాడు ఒక మరాఠీ కాకా. ఆపి మళ్లీ వేశామన్నాను. “ఫిర్ సే కరో,” అన్నాడు. ఒక ఒడియా ఆయన డబ్బాకు కొబ్బరికాయ కొట్టారా అని అడిగాడు. సోమలింగం అని మా ఊరివాడే, పై అంతస్తు నుంచి, “ఇద్దరు మాట్లాడుకోని ఇండ్ల మధ్యల డబ్బాలెట్ల మాట్లాడుతయి బిడ్డా,” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇది సైన్సు కాకా అన్నాను.

“బావా, నీ స్విచ్చుల ఉన్నదంత మొదటికెల్లి ఒక్కొక్క లైను సదువు,” అన్నాను ఆఖరికి. “నేను గూడ నాది సదువుత. ఏడ తేడా ఉన్నదో చూద్దం.”

ముందు నేను చదివాను. పాసివ్ అన్న లైను దగ్గరికి వచ్చేసరికి తీగ మీద పావురం వాలినట్టు పైకి చూసి, ఆ లైను దాటేసి కింది లైను చదివాను. వాడు గమనించలేదు.

తర్వాత వాడు చదివాడు. నంబర్ చదివాడు, అడ్రసు చదివాడు, పాస్‌వర్డ్ ఉందన్నాడు. ఆ తర్వాత గట్టిగా దగ్గాడు.

ఆ ఏప్రిల్‌లో దగ్గు అంటే మామూలు మాట కాదు. గ్యాలరీలన్నీ ఒక్క క్షణంలో ఖాళీ అయ్యాయి. తలుపులు దబదబా పడ్డాయి. మరాఠీ కాకా చేతిలోని చాయ్ గోడ మీదే వదిలేసి లోపలికి ఉరికాడు. నేను మాత్రం కదల్లేదు. దగ్గు వచ్చిన చోటు సరిగ్గా నేను పావురాన్ని చూసిన చోటే. దొంగకు దొంగ సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

“ఆ లైను మళ్ల సదువు,” అన్నాను.

“ఏ లైను?”

“నువ్వు దగ్గిన లైను.”

వాడు దుప్పటి కింద నుంచి బయటికి వచ్చాడు. మొహం చెమటతో తడిసిపోయింది. “పాసివ్,” అన్నాడు చిన్నగా. “మా బాపు పెట్టిపిచ్చిండు యార్. మన డబ్బా ముందు పిలిస్తె ఇజ్జత్ ఏముంటది అన్నడు. నేనేం జెయ్య?”

“నా దాంట్ల గూడ ఉన్నది.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దుటి నుంచి రెండు స్విచ్‌లూ ఇంట్లో చాప పరిచి, తలుపు తెరిచి పెట్టుకుని చుట్టం కోసం ఎదురుచూస్తున్నాయి. చుట్టం కూడా తన ఇంట్లో చాప పరుచుకుని కూర్చుంది. ఇలా రెండువైపులా పాసివ్ పెట్టుకునే తెలివి ప్రపంచంలో ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు. ఒక్కవైపు తీసేస్తే చాలు, పని అయిపోతుంది.

“నువ్వు తీసెయ్,” అన్నాను.

“నేనెందుకు తీస్త? నువ్వు తీసెయ్.”

“మా బాపు నా ఎన్కనే కుర్సేసుకొని గూసుంటడు. తెలిస్తె సంపుతడు.”

“మా బాపు ముద్దు వెట్టుకుంటడా? నువ్వే సీనియర్ గద, కంపెనీల జేస్తున్నవ్, నువ్వు తియ్యి.”

“నువ్వు పెద్దోనివి, నువ్వు తియ్యి.”

గొంతులు పెరిగాయి. మేము ఎవరి పిల్లలమో గల్లీకి మళ్లీ చెప్పక్కర్లేకపోయింది. అవతల ముసలామె పస్తు పడుకుందన్న సంగతి ఆ కాసేపు ఇద్దరికీ గుర్తు లేదు.

అప్పుడు అమ్మ డాబా మీదికి వచ్చింది. మెట్లు ఎక్కినందుకే ఆయాసపడి పిట్టగోడ పట్టుకుంది. రెండు రోజులుగా కడుపులో ఏమీ లేదు. “ఏమైందే?” అంది. దాచకుండా చెప్పాను. మేం రెండువైపులా పిలవొద్దని పెట్టాం, అందుకే ఏదీ పిలవడం లేదు అని. అమ్మకు నైబర్ తెలియదు, పాసివ్ తెలియదు, అయినా మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తన మొగుడూ తన అన్నా ఆమెకు తెలుసు.

ఆమె పిట్టగోడ దాకా వచ్చి అటువైపు చూసింది. “ప్రసాదూ, ఇనవడుతుందా?”

“హా అత్తా.”

“నేను మూడు లెక్కవెడ్త. మూడనంగనే ఇద్దరు ఒక్కసారే తీయిండ్రి. ఎవ్వలు ముందు గాదు, ఎవ్వలు ఎన్క గాదు.” అంతవరకు గట్టిగానే చెప్పింది. ఆ తర్వాత పిట్టగోడ వదిలి రెండు చేతులూ జోడించింది. “మా అవ్వ పానం మీదికచ్చిందిరా. మీకు దండం వెడ్త, జర జల్ది జెయ్యిండ్రి.”

నాకు సిగ్గేసింది. వాడు తల వంచుకున్నాడు. అమ్మ లెక్కపెట్టింది, మూడు అనగానే ఇద్దరం తీసేశాం.

రెండు స్విచ్‌లూ ఒకేసారి ఒకదాన్ని ఒకటి పిలిచాయి. అలా జరిగితే ఏం చెయ్యాలో వాటికి ముందే నేర్పి ఉంటుంది. రెండు పిలుపుల్లో ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేస్తాయి. వదిలేసిన పిలుపు ఎవరిదో వాళ్లు అలగరు, పెళ్లి మానరు, తీగ ఊడదీయరు. కళ్లు మూసి తెరిచేలోపు యాక్టివ్ అన్న మాట పోయింది, దారుల జాబితా స్క్రీన్ మీద పారింది. అటు డాబా మీద వరప్రసాద్ రెండు చేతులూ పైకెత్తాడు.

కిందికి వచ్చేసరికి బాపు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. “ఎవలు పిలిచిన్రు?”

“వాళ్లే,” అన్నాను.

అటు ఇంట్లో మామ ఇదే అడిగాడు, వరప్రసాద్ కూడా వాళ్లే అన్నాడు. మేం అనుకుని చెప్పింది కాదు. నిజానికి ఏ పిలుపు నిలిచిందో ఒక్క కమాండ్ కొడితే తెలిసిపోతుంది. ఇప్పటికీ నేను కొట్టలేదు.

“చూసినవా? నాకెర్కనే,” అన్నాడు బాపు. వెళ్లి చొక్కా మార్చుకుని వచ్చాడు.

వినోద అత్త ఫోన్ తీసుకుని పోయి అమ్మమ్మ చేతికిచ్చి తలుపు వేసింది. మామ కింద గదిలో తన ఫోన్ పట్టుకుని కాల్‌లోకి వచ్చాడు. ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుంటూ ఉండాలి కాబట్టి మ్యూట్ చేసుకున్నాడు. మాస్కు తీసేశాడు. ఇటు అమ్మ, పక్కన నేను, భుజం మీదుగా బాపు.

అమ్మమ్మ ముఖం వచ్చింది. ముఖం పీక్కుపోయింది, జుట్టు రేగిపోయింది. అమ్మను చూస్తూ ఫోన్‌ను మొహం దగ్గరికి లాక్కుంది. అమ్మ పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. అమ్మమ్మకు గొంతుతో పని లేదు.

“బతికున్నవా బిడ్డా,” అంది, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా. “మీ అన్నచ్చి చెయ్యి అడ్డమూపె. అందరు మూతులు గట్టుకొనొచ్చె. నువ్వు రాకపోతివి. నువ్వు వోయినవనుకున్న. నీకు దినాలు గూడ అయిపోయినయేమొ, ముసల్దానికెందుకు చెప్పుడని దాస్తున్రనుకున్న.”

అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బిడ్డ చచ్చిపోయిందనుకుని ఆ గదిలో ఒక్కతే అన్నం మానేసి పడుకుంది ఆ మనిషి.

“నాకేం గాలె అవ్వా. నువ్వు తిను,” అంది అమ్మ.

“తింట. గీ వినోద పప్పుల ఉప్పెయ్యలె గని, తింట.” కంచం దగ్గరికి లాక్కుని కలపడం మొదలుపెట్టింది.

మొదటి నాలుగు ముద్దలూ అందరం లెక్కపెడుతూ చూశాం. ఐదో ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. అమ్మమ్మ కళ్లు చిన్నవి చేసి స్క్రీన్‌ను చూసింది.

“అల్లుడా, పద్మ చెవుల ఏమన్నవ్? మా పరుశురాం ముందుగాల పిలిచిండన్నవా?”

బాపు ఉలిక్కిపడ్డాడు. పక్కనున్న నాకే వినబడనంత చిన్నగా అన్నాడు ఆ మాట.

“పరుశురాం, నువ్వు నీ పెండ్లాంతోని ఏమన్నవ్? ముత్యం బావనే దిగొచ్చి పిలిచిండన్నవ్ గద.”

మామ గాభరాగా ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మ్యూట్ అలాగే ఉంది. మ్యూట్ చెవులున్నవాళ్లకే పనిచేస్తుంది. బాపు నా వైపు చూశాడు. అటు మామ తన కొడుకు వైపు చూశాడు. నేను క్యాలెండర్ చూశాను.

“ఏందిరా గిది?” అంది అమ్మమ్మ. “రేపు నేను సస్తె గూడ గిట్లనే జేస్తరా? ఆడు పిలుస్తడని నువ్వు ఈడ గూసుంటవ్, నువ్వొస్తవని ఆడు ఆడ గూసుంటడు. మరి నన్ను మోసేటోడెవలు?”

ఆ నెలలో మోసేవాళ్లు లేని చావులు మేం రోజూ వింటున్నాం. సోమలింగం కాకా తమ్ముణ్ణి ఎవరు తీసుకుపోయారో కూడా ఇంట్లోవాళ్లకు తెలియదు. బాపు మొహంలోంచి ఇందాకటి ఆ గెలుపు దిగిపోయింది.

ఆయన అమ్మను పక్కకు జరగమని, ఫోన్ ముందుకు వచ్చి, పెదవులు బాగా తెరిచి చెప్పాడు. “నేనే అత్తా. ముందుగాల నేనే పిలిచిన.”

మామ మ్యూట్ తీశాడు. “అట్లేం లేదు బావా. పిలిచింది నేను.”

పెళ్లి తర్వాత వాళ్లిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవే.

“నువ్వెట్ల పిలుస్తవ్? మా డబ్బాల నుంచే పోయింది పిలుపు.”

“మా డబ్బాల నుంచి పోయింది. మా ప్రసాద్‌ను అడుగు.”

“నీ కొడుకేం చెప్తడు, అబద్ధాలకోరు. నా బిడ్డె చెప్తది. నీరజా, చెప్పవే, ఎవలు పిలిచిన్రు?”

“బావా, నువ్వు గప్పుడు గూడ గంతే, ఇప్పుడు గూడ గంతే. నా మాట ఇనవు. నేను పిలిచిన అంటున్న గద.”

“నువ్వు పిలిచేటోనివైతె గప్పుడే పిలుస్తుంటివి.”

రెండు గొంతులూ లేచాయి. అమ్మ కళ్లు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“నువ్వు తినలేదు గద,” అంది అమ్మమ్మ ఆమె ముఖం చూసి. “కంచం దెచ్చుకోపో.”

అమ్మ పోయి కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి ఫోన్ ముందు కూర్చుంది. బాపూ మామా ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. వాళ్ల గొడవ వినకూడదనుకుంటే అమ్మమ్మకు చెవులు మూసుకునే పని లేదు. తల వంచుకుని, కంచం చూస్తూ, మిగిలిన అన్నం తినేసింది.